మెడికల్ కార్డుకి మూడు నెలల ముందు

డీఓటీ ఫిజికల్‌కి (అమెరికాలో వాణిజ్య డ్రైవర్ల మెడికల్ కార్డు కోసం చేసే ఆరోగ్య పరీక్షకి) వచ్చే ముందు మూడు రోజులు అన్నం మానేసి వచ్చేవాళ్ళని తరచూ చూస్తుంటాను. కొందరు చక్కెర లేని టీ కూడా ముట్టరు. కొందరు పొద్దున్నే కడుపు పట్టినన్ని నీళ్ళు తాగి వస్తారు, మూత్రం పలచబడితే షుగర్ కనపడదని నమ్మకం. బీపీ మాత్ర ఆ ఒక్కరోజు రెండు వేసుకొచ్చిన పెద్దమనిషి కూడా ఉన్నారు. బల్ల మీద నుంచి లేవగానే కళ్ళు తిరిగి కుర్చీ పట్టుకున్నారు. వీళ్ళంతా ఎనభై వేల పౌండ్ల బండిని మంచులో, వానలో నడిపే మనుషులు. నా గదిలో కూర్చోగానే చేతులు చల్లబడిపోతాయి. కార్డు పోతే జీతం పోతుంది, జీతం పోతే ఇంటి వాయిదా ఆగిపోతుంది. ఆ భయం నాకు తెలుసు. కానీ భయంతో చివరి మూడు రోజుల్లో చేసే పనులేవీ వాళ్ళని కాపాడవు. చాలామందిని ఆపేది జబ్బు పేరు కూడా కాదు. వైద్యం చేయించుకోని జబ్బు, కాగితం లేని వైద్యం, దాచిన మందు, ఈ మూడే ఆపుతాయి. ఈ మూడింటినీ సరిచేసుకోవడానికి దాదాపు మూడు నెలలు పడుతుంది. ఆ మాట చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను వర్జీనియాలోని షాంటిలీలో నర్స్ ప్రాక్టిషనర్‌ని. వాణిజ్య వాహనాల డ్రైవర్లకి ఆరోగ్య పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇచ్చే అధికారం ఉన్నవాళ్ళ జాతీయ రిజిస్ట్రీలో నా పేరుంది. షాంటిలీ అనగానే మనవాళ్ళకి పక్కనే ఉన్న డల్లెస్ విమానాశ్రయం, డిస్కవరీ స్పేస్ షటిల్‌ని ఉంచిన ఉడ్వర్-హాజీ మ్యూజియం, ప్లెజెంట్ వ్యాలీ రోడ్డులోని రాజధాని మందిర్ గుర్తొస్తాయి. తెల్లవారుజామున డ్యూటీకి బయల్దేరేవాళ్ళకి తెలిసిన షాంటిలీ ఇంకొకటి ఉంది. రూట్ 50, రూట్ 28 కలిసే చోట చీకటి విడవకముందే బళ్ళు బారులు తీరతాయి. డల్లెస్ కార్గోకి వెళ్ళే ట్రక్కులు, లౌడన్ కౌంటీలో డేటా సెంటర్లు కట్టే చోటికి పోయే కాంక్రీట్ మిక్సర్లు, సౌత్ రైడింగ్ పక్కన రాతి క్వారీ నుంచి కంకర మోసే డంప్ ట్రక్కులు, వాటి మధ్య పసుపుపచ్చ స్కూలు బస్సులు. మాది ప్రకాశం జిల్లా చీమకుర్తి. గెలాక్సీ గ్రానైట్ దిమ్మెలు మోసే లారీల మోతలో పెరిగినదాన్ని. మా నాన్న లారీ డ్రైవరు. రాతి దుమ్ము కప్పుకున్న బండిని ఏ దేశంలో చూసినా నాకు మా ఇంటి ముందు ఆగిన బండిలాగే కనిపిస్తుంది.

ఈ పరీక్ష ఎవరికి అవసరమన్న దగ్గరే మొదటి పొరపాటు జరుగుతుంది. సీడీఎల్ (వాణిజ్య డ్రైవింగ్ లైసెన్సు) ఉన్నవాళ్ళకే అనుకుంటారు. వ్యాపారం మీద రాష్ట్రం దాటి తిరిగే బండి బరువు, అది మోయగల సరుకుతో కలిపి తయారీదారు లెక్క ప్రకారం 10,001 పౌండ్లకి చేరితే చాలు, డ్రైవరు దగ్గర మెడికల్ కార్డు ఉండాలి. కిరాణా సరుకు మోసే ఇరవై ఆరడుగుల బాక్స్ ట్రక్కుకి సీడీఎల్ అక్కర్లేకపోవచ్చు, మెడికల్ కార్డు మాత్రం కావాలి. మాకు రాష్ట్రం దాటడం పెద్ద ప్రయాణం కాదు. పొటోమాక్ నది దాటితే అవతల మేరీలాండ్. న్యూజెర్సీ నుంచి బియ్యం బస్తాలు, వేసవిలో మామిడిపళ్ళ పెట్టెలు తెచ్చుకునే మన దుకాణాలవాళ్ళు, పెళ్ళిళ్ళకి వంటసామాను పెద్ద బండిలో తీసుకెళ్ళే కేటరింగ్‌వాళ్ళు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. రోడ్డు మీద తనిఖీలో ఆపినప్పుడు తెలుసుకుంటే బండి అక్కడే నిలిచిపోతుంది. స్కూలు బస్సు నడిపేవాళ్ళకి వర్జీనియా చట్టం విడిగా ఏటా పరీక్ష పెట్టింది. వాళ్ళ స్కూలు డివిజన్ ఇచ్చే ఫారమే వాళ్ళకి ముఖ్యం.

ఇంత పట్టుదల ఎందుకని విసుక్కునేవాళ్ళకి నేను న్యూ ఆర్లీన్స్ సంగతి చెబుతాను. 1999 మే 9, ఇక్కడివాళ్ళకి మాతృ దినోత్సవం. వయసు మళ్ళినవాళ్ళే ఎక్కువగా ఉన్న ఒక టూరిస్టు బస్సు హైవే నుంచి పక్కకి వెళ్ళిపోయి మట్టిగట్టును ఢీకొంది. 22 మంది ప్రయాణికులు చనిపోయారు. జాతీయ రవాణా భద్రతా బోర్డు దర్యాప్తు చేస్తే డ్రైవరుకి ప్రాణం మీదికి వచ్చిన గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నాయని బయటపడింది. అయినా అతనికి మెడికల్ సర్టిఫికెట్ ఉంది. ఇలాంటివాళ్ళని పట్టుకోలేని ధ్రువీకరణ పద్ధతిని కూడా బోర్డు తప్పుపట్టింది. దాని తర్వాతే 2005లో చట్టం, 2012లో నిబంధన వచ్చాయి. 2014 మే 21 నుంచి జాతీయ రిజిస్ట్రీలో శిక్షణ పొంది, పరీక్ష పాసై నమోదైనవాళ్ళు మాత్రమే ఈ కార్డు మీద సంతకం పెట్టాలి. అంతకుముందు మామూలు డాక్టరు ఎవరైనా పెట్టేవారు.

మన దగ్గరా కాగితం ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఫారం 1-ఏ అని ఒకటుంది, రవాణా లైసెన్సుకి డాక్టరు ఇవ్వాల్సిన సర్టిఫికెట్. నాన్నకి ఆ ఫారం మీద సంతకం ఎలా పడిందో నేను కళ్ళారా చూశాను. ఒక ఆఫీసు బయట చెట్టుకింద బల్ల, బల్ల మీద ముందే సంతకాలు చేసిన కాగితాల కట్ట. స్టెతస్కోపు ఆయన ఒంటికి తగల్లేదు. ఆయనకి షుగర్ ఉందని మాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత, కాలి మీద పుండు మానకపోతే. ఆ రోజు ఎవరైనా ఒక చుక్క రక్తం చూసి ఉంటే ఆ కాలి వేళ్ళు మిగిలేవి. నా దగ్గరికి వచ్చే డ్రైవర్లకి ఈ పరీక్ష అడ్డుగోడలా కనపడుతుంది. చాలామందికి రెండేళ్ళలో డాక్టరు ముఖం చూసే సందర్భం ఇదొక్కటే. అందుకే నేను దీన్ని తొందరగా ముగించను.

బీపీ దగ్గర మొదలుపెడదాం, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మేము పాటించే మార్గదర్శకాల్లో గీత 140/90. దానికి లోపల ఉండి వేరే ఇబ్బంది లేకపోతే గరిష్ఠంగా రెండేళ్ళ కార్డు. మందులు వాడుతూ లోపల ఉంటే సాధారణంగా ఏడాది. పై అంకె 140 నుంచి 159, లేదా కింది అంకె 90 నుంచి 99 మధ్య ఉంటే ఏడాదికి ఇవ్వొచ్చు. 160 నుంచి 179, లేదా 100 నుంచి 109 అయితే ఒక్కసారికి మూడు నెలల గడువు, ఆలోపు తగ్గించుకు రావాలి. 180 లేదా 110 తాకితే ఆ రోజు కార్డు లేదు. తగ్గాక వస్తే ఆరు నెలలకోసారి చూస్తాం. ఈ అంకెలు గుర్తుంటే ఒక సంగతి తెలుస్తుంది. బీపీ ఉన్నవాళ్ళకి ఇందులో దారి మూసుకుపోలేదు. మందు వేసుకుని అదుపులో పెట్టుకున్నవాళ్ళు హాయిగా బండి నడుపుతున్నారు. మందు మొదలుపెట్టాక అది సరిగా కుదురుకోవడానికి, మోతాదు మార్చాల్సి వస్తే మార్చడానికి కొన్ని వారాలు కావాలి. అపాయింట్‌మెంట్ ముందురోజు వేసుకున్న మాత్ర ఆ పని చెయ్యలేదు.

కొలిచే తీరు కూడా అంకెని మారుస్తుంది. పార్కింగ్ వెతుక్కుని పరుగున వచ్చి, కాళ్ళు వేలాడేసుకుని బల్ల మీద కూర్చుని, ఫోన్లో డిస్పాచర్‌తో గొడవ పడుతూ చెయ్యి చాపితే ఎవరికైనా పెరుగుతుంది. నేను ముందు బాత్రూముకి పంపిస్తాను, నిండిన మూత్రాశయం కూడా బీపీని పెంచుతుంది. తర్వాత వెన్ను ఆనించి, పాదాలు నేలకి తాకేలా కూర్చోబెట్టి, చొక్కా చెయ్యి పైకి తీసి, మోచెయ్యి గుండె ఎత్తులో ఉండేలా బల్ల మీద పెట్టిస్తాను. ఐదు నిమిషాలు మాటల్లేవు. మనవాళ్ళకి ఈ ఐదు నిమిషాల మౌనం చాలా కష్టం. "మీది ఏ ఊరమ్మా?" అని అడగకుండా ఉండలేరు. కొలత అయ్యాక చెబుతానంటాను. మొదటిది ఎక్కువ వస్తే కాసేపాగి మళ్ళీ తీస్తాను. ఇంట్లో ఒక మెషిన్ కొనుక్కుని రెండు వారాలు పొద్దున, సాయంత్రం రాసుకొచ్చిన కాగితం ఉంటే, డాక్టరు గదిలో మాత్రమే పెరిగే రకమో కాదో నాకు తెలుస్తుంది.

పరీక్ష ఉన్న వారం కాఫీ, ఎనర్జీ డ్రింకులు తగ్గించండి. జలుబుకి షాపులో కొనే ముక్కు దిబ్బడ మాత్రల్లో కొన్నిటిలో సూడోఎఫెడ్రిన్ ఉంటుంది, అది బీపీని ఎక్కిస్తుంది. నొప్పులకి రోజూ వేసుకునే ఐబుప్రొఫెన్ కూడా అంతే. ఉప్పు సంగతి వేరే చెప్పాలి. రోడ్డు మీద తినే చిప్సు ఒకవైపు, ఇంటినుంచి డబ్బాలో తీసుకెళ్ళే ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు ఒకవైపు. పెరుగన్నంలో ఊరగాయ లేకుండా తినమంటే శిక్షలా ఉంటుందని నాకు తెలుసు. నేనూ అదే తిండి తిని పెరిగాను. మూడు పూటలా వేసుకునేది ఒక పూటకి తగ్గించమంటాను.

ఇక షుగర్. అన్నం మూడు రోజులు మానేస్తే ప్రయోజనం లేదనడానికి కారణం ఏ1సీ అనే పరీక్ష. అది గత రెండు మూడు నెలల సగటు చెబుతుంది. మూడు రోజుల ఉపవాసం దాన్ని కదిలించదు. మాత్రలతో షుగర్ అదుపులో ఉన్న డ్రైవరుకి సాధారణంగా ఏడాది కార్డు వస్తుంది, ఈ మధ్య చేయించిన ఏ1సీ రిపోర్టు చూపిస్తే మాట్లాడాల్సిన పనే ఉండదు. మన దక్షిణాసియావాళ్ళకి సన్నగా ఉన్నా షుగర్ వస్తుంది. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా మూలాలవాళ్ళకి బీఎంఐ 23 దగ్గరే పరీక్ష మొదలుపెట్టమంటుంది, మిగతావాళ్ళకి అది 25. "నాకు పొట్ట లేదు కదా" అనేది సమాధానం కాదు.

ఒకసారి టూరిస్టు బస్సు నడిపే బాబాయి గారొకరు వచ్చారు. ఆయన్ని గుర్తుపట్టే వివరాలు మార్చి చెబుతున్నాను. ఆరోగ్య వివరాలు రాసే ఫారంలో షుగర్ ఎదురుగా లేదని గీశారు. మందుల చోట ఖాళీ. మూత్రం కప్పులో కాగితపు పట్టీ ముంచి తీశాను. దాని మీద వరసగా చిన్న చిన్న గళ్ళుంటాయి, ప్రోటీనుకొకటి, రక్తానికొకటి, గ్లూకోజుకొకటి. గ్లూకోజు గడి మామూలుగా లేత నీలిపచ్చ. అర నిమిషంలో అది ముదురు గోధుమరంగుకి తిరిగింది. "బాబాయి గారూ, షుగర్ ఉందా?" అని తెలుగులో అడిగాను. ఆయన కాసేపు నేలవైపు చూసి, "కంట్రోల్లోనే ఉందమ్మా. ఉందని రాస్తే కార్డు ఇవ్వరని మావాడొకడు చెప్పాడు" అన్నారు. మందు ఏదని అడిగితే జాకెట్ జేబులోంచి స్ట్రిప్ తీశారు. డాపాగ్లిఫ్లోజిన్. ఇండియా నుంచి తమ్ముడు పంపించాడట.

ఆ మందు పనిచేసే తీరే అది. రక్తంలోంచి వడకట్టిన గ్లూకోజుని మూత్రపిండాలు మళ్ళీ వెనక్కి పీల్చుకోకుండా ఆపి, మూత్రంలోకి వదిలేస్తుంది. ఆ మందు వేసుకునే మనిషి షుగర్ ఎంత బాగున్నా పట్టీ గోధుమరంగుకి తిరుగుతుంది. ఆయన ఫోన్లో ఉన్న రిపోర్టులో ఏ1సీ 6.9. దాచాల్సింది ఏమీ లేని మనిషి దాచి, నన్ను అనుమానపడేలా చేశారు. ఫారం దిద్దించి, మళ్ళీ సంతకం పెట్టించి, ఏడాదికి కార్డు ఇచ్చాను. అదే ఆ స్ట్రిప్ జేబులో లేకపోయినా, నాకు తెలుగు రాకపోయినా ఆయన ఇంకో రెండు వారాలు తిరగాల్సి వచ్చేది.

ఇన్సులిన్ వాడేవాళ్ళ కథ 2018 నవంబరు నుంచి మారింది. అంతకుముందు కేంద్రం నుంచి ప్రత్యేక మినహాయింపు తెచ్చుకోవాలి, అది నెలల పని. ఇప్పుడు షుగర్‌కి వైద్యం చేసే డాక్టరే ఎంసీఎస్ఏ-5870 అనే ఫారం నింపి ఇస్తే, దాన్ని 45 రోజుల్లోపు నా దగ్గరికి తెస్తే చాలు. అన్నీ బాగుంటే ఏడాదికి కార్డు. కానీ ఆ డాక్టరు చూడాల్సింది మూడు నెలల గ్లూకోజు రీడింగులు, అదీ మీటరు లోపల నమోదైనవి. డైరీలో పెన్నుతో రాసుకున్నవి పనికిరావు. ఆ రికార్డు లేకపోతే గరిష్ఠంగా మూడు నెలల కార్డే దొరుకుతుంది. కంటి రెటీనా బాగా దెబ్బతిన్నవాళ్ళకి మాత్రం తలుపు మూసుకుపోతుంది, అందుకే ఇన్సులిన్ వాడే ప్రతి డ్రైవరూ ఏటా కంటిపాప వెడల్పు చేయించి చూపించుకోవడం మంచిది.

ఇప్పుడు మందుల సంచీ. ఇండియా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఏడాదికి సరిపడా మాత్రలు తెచ్చుకోవడం మన ఇళ్ళలో మామూలే. అమ్మానాన్నలకి తెచ్చినవి ఇంట్లో మిగతావాళ్ళూ వాడుతుంటారు. నా దగ్గరికి "తెల్ల మాత్ర, పొద్దున ఒకటి" అని చెబుతూ వస్తారు. ఒక్క మాత్రలో రెండు మూడు మందులు కలిపిన స్ట్రిప్పులు మన దగ్గర ఎక్కువ, బ్రాండు పేరు ఇక్కడి డాక్టర్లకి తెలియదు. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు, మోతాదు ఉంటాయి. కత్తిరించిన సగం స్ట్రిప్ కాకుండా ఆ పేరున్న ముక్క తీసుకురండి, లేదా ఫోటో తీసి ఉంచుకోండి. ఫారం అడిగేది డాక్టరు రాసిన మందులే కాదు. షాపులో కొన్నవి, మూలికా మందులు, సప్లిమెంట్లు అన్నీ రాయమంటుంది. కాబట్టి మోకాళ్ళకి వాడే ఆయుర్వేదం పొడి కూడా రాయాలి.

రెండు మూడు మందుల పేర్లు గట్టిగా చెప్పాలి. దగ్గు సిరప్పుల్లో కొన్నిటిలో కోడీన్ ఉంటుంది. నొప్పి మాత్రల్లో కొన్నిటిలో ట్రామడాల్ ఉంటుంది. నిద్ర పట్టడానికి వేసుకునే ఆల్ప్రజోలమ్ మన మందుల షాపుల్లో బాగా చలామణీ అయ్యే మాత్ర. ఈ మూడూ మత్తునిచ్చేవే. ఇక్కడి డాక్టరు రాయకుండా ఇవి వాడి బండెక్కడం కార్డుకీ ప్రమాదం, రోడ్డు మీదా ప్రమాదం. కోడీన్ అయితే డ్రగ్ టెస్టులోనే పడుతుంది. డ్రగ్ టెస్టు వేరు, ఈ పరీక్షలో పట్టీ ముంచే మూత్రం వేరు. మా పట్టీ చూసేది షుగర్, ప్రోటీను, రక్తం, సాంద్రత మాత్రమే. కంపెనీ అడిగితే డ్రగ్ టెస్టుకి విడిగా శాంపిల్ తీస్తారు, రెండూ ఒకేరోజు జరగొచ్చు. ఇంకో సంగతి. వర్జీనియాలో 2021 జులై నుంచి పెద్దవాళ్ళు కొద్దిగా గంజాయి దగ్గర ఉంచుకోవడం నేరం కాదు. వాణిజ్య డ్రైవర్లకి మాత్రం కేంద్ర నియమమే వర్తిస్తుంది, అందులో గంజాయికి చోటు లేదు. రాష్ట్రం ఒప్పుకుందన్న మాట చెల్లదు.

కళ్ళు, చెవులు త్వరగా అయిపోతాయి. ఒక్కో కన్ను 20/40 ఉండాలి, అద్దాలతో అయినా సరే. పక్కచూపు ఒక్కో కంటికి 70 డిగ్రీలు. ఎరుపు, పచ్చ, పసుపు గుర్తుపట్టాలి. అద్దాలు బండిలో వదిలేసి రావద్దు. ఒక కన్ను సరిగా లేనివాళ్ళకి 2022 మార్చి నుంచి కొత్త దారి ఉంది, కంటి డాక్టరు వేరే ఫారం నింపి ఇవ్వాలి. చెవికి ఐదడుగుల దూరం నుంచి గుసగుసగా చెప్పిన మాట వినబడాలి. రెండిట్లో ఒక చెవికి వినబడితే చాలు, వినికిడి యంత్రం పెట్టుకోవచ్చు.

నిద్ర దగ్గర మళ్ళీ ఆగాలి. గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగిపోయే జబ్బు, స్లీప్ ఆప్నియా, డ్రైవరుకి పగలు కునుకు తెస్తుంది. గంటకి అరవై ఐదు మైళ్ళ వేగంలో మూడు సెకన్ల కునుకు అంటే దాదాపు మూడు వందల అడుగులు కళ్ళు మూసుకుని బండి నడిపినట్టే. దీనికి ప్రత్యేక నిబంధన ఏదీ లేదు, 2016లో మొదలైన ఆలోచనని కూడా 2017లో ప్రభుత్వం విరమించుకుంది. పరీక్ష చేసేవాళ్ళ విచక్షణకే వదిలేశారు. మెడ లావు, బరువు, గొంతు లోపలి ఇరుకు, అదుపుకి రాని బీపీ చూసి నిద్ర పరీక్షకి పంపిస్తాం. నేనైతే ఇంకొకటి అడుగుతాను: "ఇంట్లో అమ్మ గారు ఏమంటారు?" అసలు జవాబు తెలిసేది ఆవిడకే. జబ్బు ఉందని తేలితే నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి ఊదే సీపాప్ మెషిన్ ఇస్తారు. మెషిన్ ఇంట్లో ఉందంటే సరిపోదు. వారంలో ఎక్కువ రాత్రులు, నూటికి డెబ్భై, కనీసం నాలుగేసి గంటలు వాడినట్టు మెషిన్ రికార్డు చూపించాలి. ట్రక్కులోనే పడుకునేవాళ్ళు బ్యాటరీ మీద నడిచే మెషిన్ గురించి ముందే అడగండి.

గుండెకి స్టెంట్ పడినవాళ్ళు ఆ మాట దాస్తారు. హైదరాబాదులోనో విజయవాడలోనో వేయించుకున్నది ఇక్కడెవరికి తెలుస్తుందనుకుంటారు. స్టెంట్ పడినంత మాత్రాన, గుండెపోటు వచ్చినంత మాత్రాన డ్రైవింగ్ జీవితం అయిపోదు. కొంతకాలం ఆగాలి, తర్వాత కార్డియాలజిస్టు ఉత్తరం, ఎకో, స్ట్రెస్ టెస్టు రిపోర్టులు తేవాలి. మన ఆసుపత్రులు ఇచ్చే డిశ్చార్జి సమ్మరీ ఇంగ్లీషులోనే ఉంటుంది, అది పారేయకండి. మూర్ఛ వచ్చినవాళ్ళకి మాత్రం నియమం చాలా కఠినం, ఫెడరల్ మినహాయింపు లేకుండా కుదరదు. ఫారం మొదటి భాగంలో ముప్పైకి పైగా ప్రశ్నలుంటాయి, కింద డ్రైవరు సంతకం ఉంటుంది. తప్పు రాసినా, వదిలేసినా సర్టిఫికెట్టే చెల్లకుండా పోవచ్చని, జరిమానా కూడా పడవచ్చని ఆ సంతకం పైనే రాసి ఉంది. చదవకుండా అన్నిటికీ లేదు, లేదు అని గీసుకుంటూ పోయేవాళ్ళని నేను ఆపి, ఒక్కో ప్రశ్నా తెలుగులో చదివి వినిపిస్తాను.

ఒకచోట ఫెయిలైతే ఇంకోచోట చూపించుకుందాంలే అనే రోజులు పోయాయి. నేను చేసిన పరీక్ష ఫలితం మర్నాటి అర్ధరాత్రిలోపు ప్రభుత్వ వ్యవస్థలోకి ఎక్కించాలి. 2025 జూన్ 23 నుంచి సీడీఎల్‌వాళ్ళ ఫలితం అక్కడినుంచి నేరుగా లైసెన్సులిచ్చే రాష్ట్ర శాఖ డీఎంవీకి చేరే పద్ధతి మొదలైంది. రాష్ట్రాలన్నీ ఒకే రోజు మారలేదు. అందుకని ఒక కాగితం కాపీ అడిగి తీసుకుని బండిలో ఉంచుకోండి, డీఎంవీ రికార్డులో మీ తేదీ మారిందో లేదో చూసుకోండి. మాకు దగ్గర్లో షాంటిలీలోనే వెస్ట్‌ఫీల్డ్స్ డీఎంవీ ఉంది. సీడీఎల్ లేని బాక్స్ ట్రక్కువాళ్ళకి కాగితం కార్డు ఇప్పటికీ తప్పనిసరి.

చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. ఏదైనా రిపోర్టు తక్కువైతే నేను ఫెయిల్ అని రాయక్కర్లేదు. నిర్ణయం పెండింగ్ అని పెట్టి 45 రోజులు ఆగొచ్చు. ఆ 45 రోజులూ మీ పాత కార్డు గడువు ఇంకా ఉంటే మీరు బండి నడుపుకోవచ్చు. గడువు రేపటితో అయిపోతుందనగా వచ్చినవాళ్ళకి ఈ వెసులుబాటు ఎందుకూ పనికిరాదు. గడువు దాటితే డీఎంవీ సీడీఎల్‌ని మామూలు లైసెన్సుకి దించేస్తుంది, మళ్ళీ ఎక్కించుకోవడం ఇంకో తిరుగుడు. సాధారణంగా ఈ పరీక్షకి ఇన్సూరెన్స్ డబ్బులివ్వదు. కంపెనీ కడుతుందేమో అడగండి. కట్టకపోతే రెండు మూడు చోట్ల ఫోన్ చేసి ధర కనుక్కోండి, క్లినిక్‌కీ క్లినిక్‌కీ తేడా ఉంటుంది. ఫోన్ చేసినప్పుడే పరీక్ష చేసే మనిషి పేరు రిజిస్ట్రీలో ఉందో లేదో కూడా అడగండి. ఆ జాబితా ఎవరైనా చూడొచ్చు.

ఇది చదివాక పర్సులోంచి కార్డు తీసి గడువు తేదీ చూడండి. మీది కాకపోతే మీ ఆయనదో, మీ నాన్నగారిదో, పక్కింటాయనదో చూడమనండి. ఆ తేదీ నుంచి మూడు నెలలు వెనక్కి లెక్కపెట్టి, ఆ రోజుకి మీ సొంత డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి. బీపీ, ఏ1సీ చూపించుకోండి, ఇండియా మందుల పేర్లు ఆ డాక్టరు రికార్డులోకి ఎక్కించండి. డీఓటీ ఫిజికల్‌కి కార్డు గడువు ఇంకా నెలన్నర ఉండగా రండి. ఆ రోజు పొద్దున మామూలుగా టిఫిన్ తినండి, మీ మాత్ర ఎప్పటిలాగే ఒక్కటి వేసుకోండి, అద్దాలు, రిపోర్టులు, స్ట్రిప్పుల ఫోటోలు పట్టుకుని పది నిమిషాలు ముందుగా రండి.